నిదానంగా లేచే నాన్న

ఆ దర్జీకి కుర్చీలోంచి లేవడం ఒక పెద్ద తంతు. ముందు పాదాలు ఆడిస్తాడు, పిక్కలు బిగిస్తాడు, బల్ల పట్టుకుని సగం లేచి ఆగుతాడు, ఆ తర్వాతే నిలబడతాడు. తలలో వినిపించే గొంతులను అణచే అతని మాత్ర, పనిలో పనిగా రక్తనాళాల మీద అడ్రినలిన్‌ను అందుకునే గ్రాహకాలనూ మూసేస్తుంది. గభాలున లేస్తే నాళాలు బిగుసుకోవు, నెత్తురు కాళ్లలోకి జారి కళ్లు బైర్లు కమ్ముతాయి. ఓసారి అలాగే బట్టల కుప్ప మీద బోర్లా పడ్డాడు. అదృష్టం, అప్పుడు చేతుల్లో నెలల పాప లేదు.

ఆ సంగతి విన్న అత్తగారు, కూతురింటికి వచ్చినప్పటి నుంచీ మనవరాలిని అతని చేతికివ్వలేదు. ఇవాళ ఆవిడ పెరట్లో బట్టలుతుకుతుండగా ఉయ్యాలలో పాప కేరుమంది. అతను పాదాలు ఆడిస్తూ, "వస్తున్నా తల్లీ, నాన్న బండి వేడెక్కాలి కదా!" అన్నాడు. కుర్చీ కిర్రుమంది. పాప ఠక్కున ఏడుపాపింది. సబ్బు చేతులతో పరుగెత్తుకొచ్చిన అత్తగారు గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏం మంత్రమేశావు బాబూ?"

"అలవాటే అత్తయ్యా. కుర్చీ చప్పుడైతే నేను బయల్దేరానని దానికి తెలుసు."

అతను నిలబడి, క్షణం ఆగి, పాపను ఎత్తుకున్నాడు. ఆవిడ చాచిన చేతులు వెనక్కి తీసుకుంది.

"అయితే ఎత్తుకునుండు, నా బట్టలింకా సగమున్నాయి," అంటూ తీరిగ్గా పెరట్లోకి నడిచింది.