మా ఊరి పుస్తకంలో పుట్టుకలు లేవు

ఈ రోజు మా ఆయన మరణ ధ్రువపత్రం కోసం గ్రామపంచాయతీకి వెళ్లాను. ఆయన పోయిన పది రోజులకే కల్వకుర్తి దవాఖానలో మాకు మనవరాలు పుట్టింది. బయలుదేరుతుంటే మా అత్తమ్మ, "నా కొడుకు పేరు పక్కకే పిల్ల పేరు గూడ రాయించు బిడ్డా. ఇంట్ల మనిషి తక్కువ పడొద్దు" అని మరీ మరీ చెప్పింది.

కార్యదర్శి పుస్తకం తిప్పి చూపించాడు. మరణాల పేజీ నిండిపోయింది. ఈ ఏడాది జననాల పేజీలో ఒక్క పేరూ లేదు.

"పిల్ల ఏడ పుడితే ఆడనే రాస్తరమ్మా. మనోళ్ల కాన్పులన్నీ దవాఖానలనే అయితున్నయి. పుట్టినోళ్లలకెల్లి పోయినోళ్లను తీసేస్తే ఊరు ఎంత పెరిగిందో తెలుస్తదంటరు. గీ పుస్తకంల తీసేయనీకె పుట్టినోళ్లే లేరు" అన్నాడు.

"గట్లయితె మన ఊరికి మిగిలేటివి సావులేనా సారూ?" అన్నాను. అతను ముద్ర వేసి కాగితం ఇచ్చాడు.

నేను ఇంటి గడప దాటకముందే అత్తమ్మ అడిగింది. "ఇద్దర్నీ రాసిన్రా?"

"రాసిన్రు అత్తమ్మా, పక్కపక్కనే."

సోమవారం, ఒక్కపొద్దు ఉపవాసం ఉండి అబద్ధమాడాను. ఆమె మాత్రం కొడుకు పోయాక ఇన్నాళ్లకు తనంతట తానే అన్నం పెట్టమంది. మీరైతే ఏం చెప్పేవారు?