లెగ్ గార్డులో ఇరుక్కున్న కాలు

ఆ ఏడు ఆయుధ పూజ రోజున నా మోటారు సైకిలు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టనివ్వలేదు. వై.ఎన్.హొసకోటలో మెకానిక్ షాపు ముందు బండ్లన్నీ పూలేసుకుని వరసగా నిలబడి ఉన్నాయి. నేను పక్క పల్లెలో బడి మేష్ట్రుని. మూఢనమ్మకాల మీద సభల్లో మాట్లాడేవాణ్ణి కాబట్టి నా బండి దగ్గర జనం మూగారు. వాళ్ళలో మా అక్క మొగుడు కూడా ఉన్నాడు.

"నిమ్మకాయ కాపాడదు, సరేప్పా మేష్ట్రూ. మరి నిన్ను కాపాడేది ఏంది?" అన్నాడు బావ.

"ఇనుము. పడితే కాలికి అడ్డం నిలబడే ఇనుము," అన్నాను.

కొందరు తలూపారు. నా మాట నెగ్గింది. నేను చిక్కుకున్నదీ అప్పుడే, ఎందుకంటే నా బండికి ఆ ఇనుము లేదు.

ఆదివారం బస్సులో హిందూపురం పోయి లెగ్ గార్డు తెచ్చాను. షాపులో ఉన్నవాటిలో అన్నిటికన్నా వెడల్పైనది. మెకానిక్ బిగిస్తూ, "మీరు తిరిగే బండ్ల దావకు ఇంత వెడల్పు యాల సార్?" అన్నాడు. నేను వినలేదు. తర్వాత గాలి ఆపడానికి ముందువైపు ప్లాస్టిక్ అద్దం, దాని తర్వాత పెద్ద హారను. అద్దానికి ఎదురుగాలి తగిలితే బండి పక్కకు కొట్టుకుపోయేది. నెల తిరక్కుండానే దుమ్ముకు గీతలు పడి, సాయంకాలపు ఎండలో అది తెల్లటి గోడలా ఎదుట నిలబడేది. హారను కొడితే గొర్రెలు పక్కకు తప్పుకోకపోగా, బెదిరి నడిరోడ్డు మీదే ముద్దకట్టేవి.

ఇవన్నీ పీకి పారేయాలని ఎన్నిసార్లు అనిపించిందో. కానీ ఎలా? సభలకు బండి మీదే పోయేవాణ్ణి. మాట్లాడుతూ మాట్లాడుతూ దాన్నే చూపించేవాణ్ణి. గార్డు తీసేస్తే మరుసటి రోజే ఎవరో ఒకరు నిమ్మకాయ పట్టుకొచ్చి చేతిలో పెడతారు. ఓడిపోవడం కన్నా అవస్థపడటమే మేలనుకున్నాను.

చెనక్కాయ పీకే రోజులు వచ్చాయి. ఆ ఏడు వాన ఒక్కసారి గట్టిగా కురిసి మొహం చాటేసింది. ఆ బురదలో ఎద్దుల బండ్లు తిరిగి, బాటలో మోకాటి లోతు గాడి పడింది, అది అలాగే ఎండి రాయైపోయింది. ఒకనాటి మధ్యాహ్నం అక్క వాళ్ళ చేను దాటుకుని ఆ గాడిలోనే వస్తున్నాను. ఎడమ పక్క గట్టులోంచి బయటికి వచ్చిన వేరు ఒకటి గార్డులో దూరింది. బండి గట్టు మీదికి ఒరిగింది. నా ఎడమ కాలు ఇనుప కమ్మికీ ఇంజనుకూ నడుమ ఇరుక్కుంది.

ముందుకు తోస్తే వేరు బిగుస్తోంది. దిగుదామంటే కాలు రాదు. ఇంజను వేడికి పంచె అంచు కమురు వాసన వస్తోంది. కేక వేస్తే వినపడే దూరంలో మనుషులున్నారు. అయినా చాలాసేపు కేక వేయలేదు. ఎవరొచ్చినా ముందు ఏమడుగుతారో నాకు తెలుసు.

చివరికి వెనక నుంచి ఎద్దుల బండి వచ్చింది. బండి నిండా చెనక్కాయ చెట్లు, నొగల మీద బావ. రెండు పక్కలా గట్లే, తప్పుకునే దారి లేదు. ఆయన దిగి వచ్చి, నా కాలు చూసి, సీటు కింది స్పానర్ తీసుకుని బోల్టుల దగ్గర కూర్చున్నాడు.

ఆయన అడక్కముందే నేనే అందుకున్నాను.

"ఈ గార్డు ఉండబట్టి సరిపోయింది బావా. లేకుంటే కాలు విరిగుండేది."

బావ బోల్టు తిప్పడం ఆపాడు. "గార్డు లేకుంటే వేరు దేనికి తగులుకునుండునప్పా?"

మొక్కు చెల్లించి వస్తూ లారీ బోల్తాపడినవాళ్ళు 'దేవుడు ఉండబట్టి ఇంతటితో పోయింది' అంటారని, ఏం జరిగినా తప్పని తేలే వీల్లేని నమ్మకానికి పరీక్షే ఉండదని ఎన్ని సభల్లో ఎగతాళి చేశానో. ఆ మాటే ఇప్పుడు నా నోటి నుంచి వచ్చింది. దేవుడి చోట ఇనుమును పెట్టానంతే.

కాలు బయటికి వచ్చింది. బావ గార్డును చెనక్కాయ చెట్ల మీదికి విసిరి, "ఊళ్ళో అడుగుతారు. ఏం చెప్పల్ల?" అన్నాడు.

"తీసేశానని చెప్పు."

"యాల తీసినాడంటే?"

"నేనే చెప్తాలే."

చెప్పకుండా ఇంటికి పోవచ్చు. బావ ఎద్దుల బండి ఊరు చేరేసరికి ఇంకో గంట పడుతుంది. హోటలు ముందు మోటారు సైకిలు ఆపి, కుంటుకుంటూ పోయి టీ తాగుతున్నవాళ్ళతో చెప్పాను: గార్డు నా దారికి పనికిరాదు, కాలు దానిలోనే ఇరుక్కుంది, అద్దమూ హారనూ కూడా రేపు తీయిస్తున్నాను, వాదం నెగ్గాలని కొన్నాను, తప్పు నాది.

ఎవరూ ఎగతాళి చేయలేదు. పావగడకు రోజూ పాల క్యాన్లు వేసుకుపోయే ఆయన మాత్రం గ్లాసు కింద పెట్టి, "ఆ గార్డు నాకిస్తావా సార్?" అన్నాడు.

"ఇప్పుడేగదప్పా చెప్తిని, పనికిరాదని."

"నీకు పనికిరాదు. నువ్వు పోయేది బండ్ల బాట. నేను పోయేది తారు రోడ్డు, లారీలు తోసుకొని పోతాంటాయి. నాకు గాడి యాడుండాది?"

అతను చెప్పింది నిజమే. ఇన్నాళ్ళూ అందరికీ ఇనుము గురించి చెప్పాను కానీ, ఎవరు ఏ దారిన పోతారని ఒక్కరినీ అడగలేదు. బావ బండి రాగానే గార్డు దించుకోమన్నాను.