బోర్డు లేని మెస్సు

అమలాపురంలో తక్కువ ఖర్చుతో మంచి భోజనం ఎక్కడ దొరుకుతుందని నన్ను మాత్రం అడక్కండి. ఒకప్పుడు అడిగేవారు. నేనూ కాలరు సర్దుకుని చెప్పేవాణ్ణి. చెప్పడమే కాదు, వెంటబెట్టుకుని తీసుకెళ్ళి విస్తరి ముందు కూర్చోబెట్టేవాణ్ణి. దాని ఫలితంగా నిక్షేపంలాంటి ఒక ఇంట్లో మొగుడూ పెళ్ళాం మూడు వారాలు పళ్ళు బిగించుకుని కాపురం చేశారు, ఇరుగూ పొరుగూ మాటలు మానుకున్నారు, నా ఉద్యోగం వెళ్ళి కొబ్బరికాయల రాశిలో పడబోయింది. గుమ్మంలో నిలబడి అడగాల్సిన ఒక్క ముక్క అడక్కపోవడం వల్ల ఇదంతా జరిగింది.

డెబ్బైల చివర్లో సంగతి. మాది సఖినేటిపల్లి. అమలాపురం సమితి ఆఫీసులో నాకు గుమాస్తా ఉద్యోగం వచ్చింది. మా తాతా, మా నాన్నా ఇంకొకళ్ళ చేలల్లో నడుం వంచినవాళ్ళు. మా ఇంటా వంటా కుర్చీలో కూర్చుని జీతం తీసుకున్న మొదటి మనిషిని నేనే. మా అమ్మ ఈ ముక్క చర్చిలో చెప్పేది, రేవులో చెప్పేది, బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళకి టిక్కెట్టు తీసుకోకముందే చెప్పేది. ఆ కుర్చీ అంటే నాకూ ప్రాణమే. వచ్చిన చిక్కల్లా నా కడుపుతోనే.

ఊళ్ళో హోటళ్ళు లేవని కాదు. గడియారస్తంభం దగ్గర ఒక హోటల్లో ఇడ్లీ దూదిలా ఉండేది. సాంబారు మాత్రం సాయంత్రం దాకా కడుపులో నాతో వాదన పెట్టుకునేది. బస్టాండు పక్కన ఇంకో హోటల్లో భోజనం చవకే. అక్కడి సర్వరు చారు పోసి, నేను కలుపుకునేలోగా మజ్జిగ పోసి, ఆ మజ్జిగ జుర్రుకునేలోగా బల్ల తుడిచేసేవాడు. కాలవ అవతల మాంసం వేపుడు తిన్న మర్నాడు నేను ఆఫీసు కుర్చీలో కంటే ఆఫీసు పెరట్లో ఎక్కువసేపు ఉన్నాను. బాగున్న చోట ధర నా జీతానికి అందదు. అందిన చోట తిండి నా కడుపుకి పడదు. నెల తిరిగేసరికి నా చొక్కా ఎవరో అరువిచ్చినట్టు వేలాడుతోంది.

ఆదివారం ఇంటికెళ్తే నన్ను చూసి మా అమ్మ ముందు ఏడ్చింది. తరవాత కళ్ళు తుడుచుకుని తీర్పు చెప్పింది.

"నెల్లాళ్ళు చూస్తాన్రా. ఒంటికి పట్టే కూడు దొరికిందా సరే. లేదా, ఉజ్జోగం మానేసొచ్చి మీ మావయ్య కొట్టు కాడ కూర్చో. నువ్వు బతికుంటే చాలు నాకు."

మా మావయ్యది కొబ్బరికాయల వ్యాపారం. రాశి పక్కన కూర్చుని ఒక్కొక్క కాయా చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, లోపల నీళ్ళున్నాయో లేదో వినడం అక్కడ పని. తప్పుడు పనేం కాదు. కానీ నేను ఫైళ్ళు చూడ్డానికి పుట్టానని అప్పట్లో నా గట్టి నమ్మకం. ఆ రాత్రి నాకు కలలో కూడా కాయలే దొర్లాయి.

సరిగ్గా అప్పుడే మా ఆఫీసులో పక్క సీటాయన రాజోలు బదిలీ అయి వెళ్తూ నాకొక రహస్యం అప్పగించాడు. చర్చి దాటాక కాలవ గట్టు మీద మూడో ఇల్లు, పెంకుటిల్లు. మేరీ గారని ఒకావిడ ఇంట్లోనే మెస్సు నడుపుతుంది. బోర్డు ఉండదు. భక్తిపరురాలు, ప్రార్థన కానిదే వడ్డించదు. డబ్బు మాట నెలాఖరున ఆవిడే ఎత్తుతుంది, ముందే ఎత్తితే నొచ్చుకుంటుంది.

మర్నాడు మధ్యాహ్నం బయల్దేరాను. చర్చి దాటగానే పాస్టరుగారి ఇల్లు. దాన్ని లెక్కలో వేసుకోవాలా, చర్చిలో భాగం కింద వదిలెయ్యాలా అని ఒక్క క్షణం ఆగాను. చదువుకున్నవాణ్ణి కదా, వేసుకున్నాను.

మూడో ఇల్లు పెంకుటిల్లే. అరుగు మీద బల్లలు. గుమ్మంలో బోలెడు చెప్పులు. లోపల వరసగా అరిటాకులు. ఎవరో పెద్దాయన చెయ్యి కడుక్కుని త్రేనుస్తూ బయటికొస్తున్నాడు. ఇంక బోర్డెందుకు చెప్పండి? నేను గుమ్మంలో నిలబడగానే యాభై ఏళ్ళావిడ గరిటె పట్టుకుని ఎదురొచ్చింది.

"రండి బాబూ, వేళకే వచ్చేరు. కాళ్ళు కడుక్కోండి."

ఎక్కణ్ణించని అడిగితే సఖినేటిపల్లి అన్నాను. "ఆయ్, అలాగాండీ" అని, లోపల పడక్కుర్చీలో ఉన్న పెద్దాయన వైపు ఓసారి చూసి, ఇంకేం అడక్కుండా ఆకు వేసేసింది.

మీకు ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. నాకు కాలేదు. అది మెస్సు కాదు. రిటైరైన హెడ్మాస్టరు దేవదానం గారి సొంత ఇల్లు. ఆవిడ ఆయన భార్య సుగుణమ్మ గారు. ఆ రోజుల్లో అమలాపురంలో సొంత ఇల్లున్నవాళ్ళకి చుట్టుపక్కల ఊళ్ళ చుట్టాలందరూ హక్కుదారులే. కోర్టు వాయిదాకి వచ్చినవాళ్ళూ, ఆసుపత్రికి వచ్చినవాళ్ళూ, కాలేజీలో సీటు కోసం వచ్చినవాళ్ళూ మధ్యాహ్నానికి ఆ ఇంటికే చేరేవాళ్ళు. రోజూ ఏడెనిమిది ఆకులు లేచేవి. ఇక మా సీమలో విస్తరి ముందు కూర్చున్న మనిషిని నువ్వెవరివని అడగడమంటే మెడపట్టి గెంటినంత పని. ఎవరి తాలూకా అన్నది వచ్చినవాడే చెప్పుకోవాలి. నేను చెప్పలేదు. మెస్సులో ఎవరైనా చెబుతారా?

మాస్టారు లేచి ప్రార్థన చేశారు. తరవాత వడ్డన. మామిడికాయ పప్పు, పనసపొట్టు కూర, బొమ్మిడాయిల పులుసు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే నాకు నిజంగా కళ్ళనీళ్ళు తిరిగాయి. ఉద్యోగం నిలబడింది, ఇక కాయలు ఆడించక్కర్లేదు అనుకున్నాను.

నాలుగు రోజులు బుద్ధిగా తిన్నాను. అయిదో రోజు నుంచి ఖాతాదారుణ్ణనే ధీమా వచ్చింది. ముందు చారుతో మొదలుపెట్టాను. చారు మరీ పల్చగా ఉందండీ, మిరియాలు కనపడ్డం లేదు అన్నాను. సుగుణమ్మ గారు నా మొహంలోకి చూసి, మాస్టారి మొహంలోకి చూసి, "ఆయ్, రేపు సరిచేస్తాను బాబూ" అంది. మర్నాడు చారు ఘాటుకి కోర్టు చుట్టాలు దగ్గుతూ తిన్నారు. నేను మెచ్చుకోలుగా తలాడించాను. ఆ తరవాత నాకు పులుసులో తలకాయలే వస్తున్నాయని, నడిమి ముక్కలు వెయ్యమని చెప్పాను. వేసింది. గురువారం గోంగూర రొయ్యలు పెడితే బాగుంటుందన్నాను. పెట్టింది. ఇంత మంచి యాజమాన్యం జిల్లాలో ఉండదని మా ఆఫీసులో టముకు వేశాను.

చెప్పడానికి సిగ్గుగా ఉంది గాని, నా ఘనకార్యాల్లో పెద్దది ప్రార్థన విషయం. మాస్టారిది సువిశాలమైన ప్రార్థన. పంటలూ, పాలకులూ, జబ్బుపడ్డవాళ్ళూ, ఏటి మీద పడవలూ అన్నీ అయ్యాక గాని మా ఆకుల దగ్గరకి వచ్చేది కాదు. ఒకరోజు ఆమెన్ అనగానే నేను మర్యాదగానే అన్నాను.

"మాస్టారూ, ప్రార్థన కాస్త తగ్గిస్తే బాగుంటుందండీ. చారు చల్లారిపోతోంది."

కోర్టు చుట్టం ఒకాయనకి తాగుతున్న మంచినీళ్ళు పొలమారాయి. మాస్టారు కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, భార్య వైపు ఒక్క చూపు చూశారు. మర్నాటి నుంచి ప్రార్థన రెండు ముక్కల్లో అయిపోయేది. సంస్థలో క్రమశిక్షణ తెచ్చానని నేను తెగ సంబరపడ్డాను.

పైగా మా టైపిస్టుని గెస్టుగా తీసుకెళ్ళాను. తిన్నాక, ఈయన భోజనం నా లెక్కలో రాసుకోండి అన్నాను. మాస్టారు పైకి చూసి, "పైనాయన రాసుకుంటాడు లెండి" అన్నారు. మేడ మీద గుమాస్తా ఉన్నాడు కాబోలు అనుకున్నాను. పెంకుటింటికి మేడ ఎక్కణ్ణించి వస్తుందని ఆలోచించే అలవాటు అప్పటికింకా నాకు అబ్బలేదు.

గడువు దగ్గర పడింది. మా అమ్మ నా మాట నమ్మక, కొబ్బరి లౌజు డబ్బా పట్టుకుని రాజోలు మీదుగా బస్సెక్కి స్వయంగా తనిఖీకి వచ్చింది. బస్టాండులో నా బుగ్గలు రెండూ నొక్కి చూసి, "అత్తోరింట్లో పెట్టినట్టు పెడతందేంట్రా ఆ తల్లి" అంది. ఆవిణ్ణి చూసి రెండు చేతులూ పట్టుకుని వందనాలు చెప్పాలంది. ఛాతీ విరుచుకుని తీసుకెళ్ళాను.

ఆ పూట నా ఖర్మకి బయటి చుట్టాలెవరూ లేరు. మా అమ్మని చూడగానే సుగుణమ్మ గారు వందనాలు చెప్పి పీట వేసింది. మా అమ్మ తింటూ కళ్ళతో ఇల్లంతా చుట్టొచ్చింది. గోడ మీద పెళ్ళి ఫోటో, కిటికీలో ఎవరిదో స్కూలు సంచి, ఆవిడ తన చేత్తో కొసరి వేస్తున్న నెయ్యి. మెల్లిగా నా వైపు వంగి, "ఒరేయ్, ఇది మెస్సేనంట్రా?" అంది. బోర్డు లేని మెస్సమ్మా, గొప్పవన్నీ ఇలాగే ఉంటాయి అన్నాను. మా అమ్మకి నా మాట మీద ఎప్పుడూ పెద్ద గురి లేదు. తలెత్తి తిన్నగా అడిగేసింది.

"అమ్మా, మా వోడి కాడ నెలకెంత పుచ్చుకుంటన్నారండీ?"

"ఏం పుచ్చుకోవడమండీ?" అంది సుగుణమ్మ గారు.

"భోజనానికండీ. మెస్సు డబ్బులు."

గరిటె గిన్నెలోకి జారిపోయింది. సుగుణమ్మ గారు మాస్టారి వైపు తిరిగింది.

"ఏవండీ, ఈ బాబు మీ మేనత్తగారి తాలూకా కాదాండీ?"

మాస్టారు నన్ను కొత్తగా చూసినట్టు చూశారు. "మా మేనత్త తాలూకా ఏంటి? మీ చిన్నమ్మ మనవడు కాదా?"

"మావాళ్ళెవరూ ఇలా ఉండరండీ."

"మావాళ్ళలో మాత్రం ఉన్నారా?"

అప్పుడు బయటపడింది అసలు సంగతి. సఖినేటిపల్లిలో ఆయన వైపు చుట్టాలున్నారు, ఆవిడ వైపు చుట్టాలూ ఉన్నారు. ఊరి పేరు వినగానే ఆవిడ నన్ను మొగుడి తాలూకా అనుకుంది, ఆయన పెళ్ళాం తాలూకా అనుకున్నారు. ఆ ఇంట్లో అంతకుముందు ఆయన అక్క కొడుకు తిష్ఠ వేసి తిన్న తిండి మీద పెద్ద గొడవై, ఇకమీదట ఒకరి చుట్టాలని ఒకరు పల్లెత్తు మాట అనకూడదని ఒడంబడిక జరిగిందట. ఆ ఒడంబడిక చలవతో నేను మూడు వారాలు నడిమి ముక్కలు తిన్నాను.

ఇక చూడండి, ఇద్దరికీ ఒక్కసారిగా నోళ్ళు విచ్చుకున్నాయి. చారు పల్చగా ఉందన్నప్పుడే ఇది మీ అక్కగారి పోలిక అనుకున్నానండీ, పైకి అంటే మీరు బాధపడతారని మిరియాలు దంచి పోసేను అని ఆవిడ. ప్రార్థన తగ్గించమంటే మీవాళ్ళకి దైవభయం లేదని తెలిసి కూడా నీ మొహం చూసి ఊరుకున్నాను, ఇన్నాళ్ళూ దేశానికి ప్రార్థన కూడా చెయ్యలేకపోయేను అని ఆయన. మధ్యలో ఆవిడకి ఇంకోటి గుర్తొచ్చింది. పక్కింటి మేరీ గారు తనతో మాటలు మానేసిందట. ఎందుకో ఇన్నాళ్ళూ తెలియలేదట. తనకి పోటీగా మెస్సు పెట్టేననుకుంది పాపం, పైగా ఇతను గెస్టుల్ని కూడా తెచ్చేడు కదా, అని నుదురు కొట్టుకుంది.

పాస్టరుగారి ఇంటిని లెక్కలో వేసుకోకూడదని అప్పటికి నాకు తెలిసింది.

మా అమ్మ మొహం ఎర్రబడింది. ఎంగిలి చెయ్యి విస్తట్లోనే ఉంచి, ఎడం చేత్తో నా చెవి పట్టుకుంది. సమితి ఆఫీసు గుమాస్తా చెవి అని కూడా చూడలేదు.

"లెగు. ఇప్పుడే సామాను సర్దుకో. పరాయోళ్ళ కూడు తిని దానికి వంక పెట్టినోడికి కుర్చీ ఒకటా? మీ మావయ్య కాడ కాయలు ఆడించుకుందువుగాని."

చెవి నొప్పి కంటే సిగ్గు ఎక్కువగా ఉంది. మూడు వారాలు నా పిచ్చి మాటలన్నీ సహించి, నవ్వుతూ వడ్డించిన ఆవిడ మొహం చూడలేక ఆకు వంక చూస్తూ కూర్చున్నాను. ఆ ఆకులో నడిమి ముక్కే ఉంది.

అప్పుడు సుగుణమ్మ గారు నవ్వడం మొదలుపెట్టింది. గోడకి జారబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కన్నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. తేరుకున్నాక మా అమ్మ చెయ్యి నా చెవి మీంచి తీసింది.

"భోజనం మధ్యలో లేపకండమ్మా. ఇతను మా ఇద్దరి తాలూకా కాదు కాబట్టి ఇప్పుడు నేను నిర్భయంగా ఓ మాటనొచ్చు." నా వైపు తిరిగింది. బాబూ లేదు, అండీ లేదు. "ఒరేయ్ అబ్బాయ్, రేపట్నుంచి కూడా ఇక్కడే తిను. పెట్టింది తిను. ప్రార్థన నువ్వే చెయ్యి. ముందు పక్కింటికెళ్ళి మేరీ గారికి క్షమాపణ చెప్పి రా."

మా అమ్మ డబ్బు ఇవ్వబోతే ఆవిడ చేతులు వెనక్కి పెట్టుకుంది. చివరికి మా మావయ్య కొట్లోంచి ఎప్పుడైనా నాలుగు కొబ్బరికాయలు పంపేలా రాజీ కుదిరింది. నా బదులు కాయలే అమలాపురం వచ్చాయి. నా కుర్చీ నాకు దక్కింది.

మర్నాడు నేను ప్రార్థనకి నిలబడ్డాను. మాస్టారు పక్కనే కూర్చుని, పంటలు మర్చిపోయేవు, పడవలు మర్చిపోయేవు అని అందిస్తుంటే ఎంతకీ ముగియలేదు. ముగిసేసరికి చారు చల్లారిపోయింది. ఆ చారులోంచి ఆకు ఈనెలు లెక్కపెట్టుకోవచ్చు. చుట్టాలందరి ముందూ సుగుణమ్మ గారు గరిటె పట్టుకుని నా ఎదురుగా నిలబడింది.

"చారెలా ఉందిరా?"

"అమృతంలా ఉందండీ."

అక్కడున్న రెండేళ్ళూ నాకు ఆ చారే పోసింది.

కాబట్టి పెద్దలారా, గౌతమి, వసిష్ఠ, వైనతేయ మూడు పాయల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఏ ఇంట్లోనైనా సరే, ఫలానా వారి తాలూకా అని నాలుగు దిక్కులా ప్రకటించుకోనిదే విస్తరి ముందు కూర్చోను. చారు గురించి అభిప్రాయం చెప్పను. ఇప్పటికీ మా ఆవిడ చారెలా ఉందండీ అని అడిగితే కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెడతాను. పంటలూ, పాలకులూ, పడవలూ అన్నీ వస్తాయి. ఆమెన్ అనేసరికి ఆవిడ అడిగిన సంగతి మర్చిపోతుంది, చారు చల్లారిపోతుంది, నేను నోరు మూసుకుని తాగేస్తాను.