చన్నప్ప చేనులో అమృతమ్మ కాలువ

అమృతమ్మ పుట్టింది మనూర్ అవతల ఒక మెట్ట ఊళ్లో. అక్కడ పండేవి జొన్నలు, కందులు. వాటికి దిక్కు పైనుంచి పడే వాన. కాలువ అనే మాట ఆ ఊళ్లో వినబడేదే తక్కువ, అదీ వాన గట్టిగా కొట్టి వీధి మధ్య నీళ్లు పారినప్పుడు. నారాయణఖేడ్ పక్క ఊళ్లో బాలప్పకు పెళ్లామై వచ్చాకనే ఆమె అసలు కాలువను చూసింది. మోటారు తోడిన బావి నీళ్లు మట్టిగట్ల నడుమ నడిచి, పారతో ఎటు మలిపితే అటు మలిగి, చెప్పిన మడిలోకే పోవడం చూసి మురిసిపోయింది. మొగుణ్ని చూసి కూడా కోడలు అంత మురవలేదని అత్త కిష్టవ్వ బతికినన్నాళ్లూ దెప్పింది.

ఆ మురిపెం కాస్తా నోటికెక్కింది. బాలప్ప అన్నంలో గుంట చేసి పప్పు పోసుకుంటే, "ఏయ్, కాల్వ తెగుతుంది, గట్టు కట్టు" అనేది. బిడ్డ సంగమ్మకు జడ వేస్తూ, "కదలకే, నెత్తిమీద కాల్వ వంకర వోతుంది" అని గదిమేది. చంటిపిల్ల ముక్కు కారితే కాలువే, చూరు కింద నీళ్లు పడితే కాలువే. ఖేడ్ డిపోలో బస్సు దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ తోసుకుంటుంటే, "రెండు కాల్వలు ఒక్క తూము కాడ కలిస్తే గిట్లనే ఉంటది" అని గట్టిగా అనేది. చుట్టుపక్కల అందరూ నవ్వేవాళ్లు. నవ్వే జనం ఉంటే అమృతమ్మ నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. కష్టం అక్కడే వచ్చింది.

బాలప్ప బావి ఒకచోట, నీళ్లు కావలసిన మళ్లు ఇంకొకచోట. నడుమ చన్నప్ప చేను. చన్నప్ప తాతలు బీదర్ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కన్నడపు మనుషులు. ఆయనకు ఖేడ్‌లో కిరాణం కొట్టు, ఊళ్లో భూమి. కాలువ ఆయన చేను గుండా పోయేది, అయినా దాని గురించి ఎన్నడూ పేచీ రాలేదు. ఆ ప్రాంతంలో ఒకరిమీద ఒకరికి కోపం వస్తే మాట మానుకుంటారు, పెళ్లికి పిలవరు, ఎదురుపడితే ముఖం తిప్పుకుంటారు. నీళ్ల దారి మాత్రం ముట్టరు.

ఆ ఏడు యాసంగి పంటకాలంలో బాలప్ప ఉన్న మళ్లన్నీ ఉల్లిగడ్డ పెట్టాడు. ఏడాదంతా ఇల్లు గడవడానికి ఆ పంటే ఆధారం. గడ్డ ఊరే రోజుల్లో ఒకనాడు ఖేడ్ అంగట్లో చన్నప్ప వంకాయల దగ్గర బేరం మొదలుపెట్టాడు. ఎంతసేపటికీ తెమలలేదు. వెనక నిలబడ్డ ఆడవాళ్లకు కాళ్లు పీకుతున్నాయి. అమృతమ్మ ఊరుకుంటుందా?

"గాయన నోరు తూము లేని కాల్వ. మలుపుదామంటే మలుగదు, ఆపుదామంటే ఆగదు" అంది.

అంగడంతా నవ్వింది. చన్నప్ప భార్య రేవమ్మ కూడా కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. చన్నప్ప అది చూశాడు. పరాయి ఆడది అన్నందుకు కాదు, సొంత పెళ్లాం నవ్వినందుకు ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మర్నాడు పొద్దున కాలువ పూడ్చేశాడు. పూడ్చేవాడు చేను మొదట్లో పూడ్చవచ్చు కదా! అంత దూరం నడవడం ఎందుకని, తన కల్లం పక్కనే, చేతికందిన చోట రాళ్లు వేసి, మట్టి కొట్టి, కాలితో తొక్కాడు. కొట్లో త్రాసు పట్టిన చెయ్యి, పార పట్టి ఎరగదు. నీళ్లు ఆగుతాయని తెలుసు గానీ, ఆగిన నీళ్లు ఊరికే కూచోవని తట్టలేదు.

"పోయి తప్పయిందని ఒక్క మాట అను. నీ సొమ్మేం పోతది?" అన్నాడు బాలప్ప.

"నేనేం అబద్ధం జెప్పిన్నా? నేనన్నది మాటనే, గాయన కాల్వనే పూడ్చిండు. ఎవరిది పెద్ద తప్పు?"

"ఉల్లిగడ్డ ఎండుతుందే, పరేషాన్ అయితుంది నాకు."

ఎండుతోందని ఆమెకూ తెలుసు. ఆకు కొసలు పసుపుపచ్చగా మారుతుంటే గట్టు మీద కూచుని కుమిలింది. అయినా ఆ ఒక్క మాటకు నోరు రాలేదు. మూడోనాడు మధ్యాహ్నం కరెంటు రాగానే మొగుడికి చెప్పకుండా మోటారు వేసింది. పచ్చి మట్టి కట్ట, నీళ్లు తాకితే అదే కొట్టుకుపోతుందిలే అనుకుంది. పార భుజాన వేసుకుని నీళ్ల వెంట నడిచింది.

కట్ట తెగలేదు. కోపంతో తొక్కిన కట్ట మహా గట్టిగా ఉంది. నీళ్లు పొంగి, గట్టు దాటి, పల్లంగా ఉన్న కల్లం వైపు తిరిగాయి. కల్లంలో కొట్టి పోసిన కందుల కుప్ప. పక్కన రేవమ్మ చేటతో తూర్పారబడుతోంది.

"అయ్యో శివనే! నీళ్లు!" అని రేవమ్మ అరిచింది. కల్లం గట్టున కూచున్న చన్నప్ప లేచి, పంచె కాళ్లకు అడ్డంపడి, కుప్ప ముందు రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. నీళ్లు ఆయన కాళ్ల సందున దారి చూసుకుంటున్నాయి.

అమృతమ్మకు క్షణం సంతోషమేసింది. లేదంటే అబద్ధమవుతుంది. కానీ నానబోయేవి ఒక ఏడాది కందులు. పరుగెత్తి, కల్లానికి ఎగువన కాలువ అవతలి గట్టును పారతో తెగ్గొట్టింది. నీళ్లన్నీ గిర్రున మళ్లి వాన నీళ్లు పోయే ఒర్రెలోకి పడ్డాయి. కాసేపటికి కరెంటు పోయింది. కుప్ప తడవలేదు. ఉల్లిమళ్లకు చుక్క అందలేదు. అమృతమ్మ బురదలోనే కూలబడి ఏడ్చింది. చన్నప్ప పంచె పిండుకున్నాడు.

మర్నాడు కరెంటు వచ్చేసరికి బాలప్ప మోటారు దగ్గర ఉన్నాడు. అమృతమ్మ మళ్ల దగ్గరికి పోయేసరికి నీళ్లు ఆమెకంటే ముందే వచ్చాయి. తను వేసిన రాళ్లూ మట్టీ తీసేసి, తెగిన గట్టు కట్టి, పంచె ఎగగట్టి, పార పట్టుకుని, నీళ్ల ముందు చన్నప్ప. సగం నీళ్లు మడిలోకి, సగం గట్టు మీదికి.

అమృతమ్మ గట్టెక్కి నిలబడింది. రాత్రంతా గొంతులో మెదిలిన మాట ఇప్పుడు దానంతటదే వచ్చింది.

"అన్నా, తప్పయింది. అంగట్ల నేను గట్ల అనొద్దుండె."

చన్నప్ప తలెత్తలేదు. కాలితో గట్టు అదుముతూ, "నేను పూడ్వొద్దుండె. గా ముచ్చట ఇగ ఇడిసిపెట్టు చెల్లే. గీ మడి నిండింది, జల్దీ చెప్పు, ఎటు మలుపాలె?" అన్నాడు.

ఊరందరికీ మాట అప్పిచ్చే అమృతమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, చేత్తో పక్క మడి చూపించింది.