గుంటూరు బండి ఎన్నింటికి?

జీవితంలో నేను చేసిన తప్పులు చాలానే ఉన్నాయి. కానీ ముమ్మాటికీ సరైన సమాధానం చెప్పి ఒక మనిషిని ముంచబోయింది మాత్రం ఒక్కసారే. ఆ ఒక్క సమాధానాన్నే మూడు వారాలు వరసగా చెప్పాను. వినండి, హాయిగా నవ్వుకోండి. నాకైతే నవ్వు రావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులు. మా గిద్దలూరు అప్పటికింకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. నేను సముద్రం ఒడ్డున ఉన్న యూనివర్సిటీలో సైకాలజీ ఎమ్మే చదువుతున్నాను. ఊళ్ళో ఆ మాట చెబితే "పిచ్చోళ్ళ డాక్టరా?" అనేవారు. వేసవి సెలవులకు ముందు మా ప్రొఫెసరుగారు ఒక పని అప్పగించారు. మనసు బాగాలేనప్పుడు జనం ఎవరి దగ్గరికి వెళ్ళి చెప్పుకుంటారు, ఆ మనిషినే ఎందుకు ఎంచుకుంటారు అన్నది తెలుసుకుని రావాలి. ఇంగ్లీషు పుస్తకాలు ముందు పెట్టుకుని ఆయనే ఒక ప్రశ్నల కాగితం తయారు చేశారు. సలహాదారు వయసెంత ఉండాలి, చదువెంత ఉండాలి, ఆడా మగా, గదికి తలుపు వేసి ఉండాలా తీసి ఉండాలా, ఇట్లా ఇరవై రెండు ప్రశ్నలు.

"మీ ప్రాంతం వాళ్ళు మీకు అర్థమైనట్లు ఇంకొకరికి కారు," అన్నారాయన. పాపం, నమ్మారు.

జనాన్ని వెతుక్కుంటూ ఎండలో తిరగడం ఎందుకు, నేనే సలహాదారుగా కూర్చుంటే వాళ్ళే వచ్చి ఎంచుకుంటారు కదా అనిపించింది. మా ఇల్లు సంతకు పోయే దారిలో ఉంది. వీధి అరుగు మీద బల్లా కుర్చీలూ వేశాను. గోడకు బోర్డు తగిలించాను. 'మనసులోని బాధలకు సలహాలు ఇవ్వబడును. చెప్పిన విషయములు రహస్యముగా ఉంచబడును.' రహస్యమన్న మాటను అవతలి వీధి వాళ్ళకు కూడా కనపడేంత లావు అక్షరాలతో రాశాను.

నాయన బోర్డు కింద నిలబడి రెండుసార్లు చదివాడు.

"ఏందిరా ఇది?"

"రీసెర్చి నాయనా."

"ఊరంతా సంతకు పోతా చూస్తుంటే ఈడ కూర్చోని చెప్పుకోవాల్నా?"

"కుర్చీ వేసినాను గదా."

నాయన నన్ను ఎగాదిగా చూసి, పార భుజాన వేసుకుని చేనికి వెళ్ళిపోయాడు.

అసలు జనం రాలేదని కాదు. ఒకామె మజ్జిగ కోసం వచ్చింది. "లోపల అమ్మనడుగు," అన్నాను. ఇంకొకాయన పేపర్లో వాన సంగతి ఏమన్నా రాశారా అని వచ్చాడు. రాయలేదన్నాను. వచ్చిన ప్రతివాళ్ళూ కాసేపు నిలబడి, కొంగో కండువానో సర్దుకుని వెళ్ళిపోయేవారు. నేను నోటుబుక్కులో 'ఎవరూ రాలేదు' అని శ్రద్ధగా రాసుకునేవాణ్ణి.

చెన్నయ్య మామ కూడా అట్లాగే వచ్చాడు. ఆయనది అర్ధవీడు వైపు పల్లె. గొర్రెల కాపరి. ప్రతివారం సంతకు వచ్చేవాడు. మాకు చుట్టమేమీ కాదు, అయినా మా వీధిలో అందరికీ మామే.

"అబ్బయ్యా, గుంటూరు బండి ఎన్నింటికి?"

"పదకొండున్నరకు మామా."

ఆయన కదల్లేదు. తలగుడ్డ తీసి దులిపి మళ్ళీ చుట్టుకున్నాడు. "గుంటూరు పోయేదేనా?" అన్నాడు. అదేనన్నాను. వెళ్ళిపోయాడు.

రెండో వారం వచ్చి మళ్ళీ అదే అడిగాడు. మతిమరుపు కాబోలనుకుని ఈసారి కాగితం మీద రాసిచ్చాను. చదువు రాని మనిషి దాన్ని నాలుగు మడతలు పెట్టి రొంటిన దోపుకున్నాడు.

మూడో వారానికి నేను ప్రొఫెసరుగారికి ఉత్తరం కూడా మొదలుపెట్టాను. 'మా తాలూకాలో ఎవరికీ మనోవ్యథలు లేనట్లు కనిపించుచున్నది' అని రాస్తుండగా మామ వచ్చి బండి టైము అడిగాడు.

"వారానికోసారి మార్చరు మామా, రైలోళ్ళకు వేరే పనుంటది," అని నా హాస్యానికి నేనే నవ్వుకున్నాను.

ఆయన నవ్వలేదు. అరుగు పక్కనే పందిరి కింద మరియమ్మక్క విత్తనానికి శనక్కాయలు ఒలుస్తోంది. చర్చి వీధి నుంచి మా ఇంటికి కూలికి వచ్చేది. మామ వెళ్ళి ఆ కుప్ప పక్కన గొంతుక్కూర్చున్నాడు. గుప్పెడు కాయలు తీసుకుని తనూ ఒలవడం మొదలుపెట్టాడు. పని తొందరగా తెములుతుందని నేను సంతోషించాను.

చాలాసేపటికి మరియమ్మక్క తల ఎత్తకుండానే అడిగింది. "గుంటూర్లో ఎవురుండారన్నా?"

"తమ్ముడు."

ఇంక ఒక్కొక్క మాటే బయటికి వచ్చింది. అమ్మానాయనా పోయాక ఆ తమ్ముణ్ణి తనే సాకాడు. చెప్పకుండా పొట్టేలును అమ్మాడని సంతలో పదిమంది ముందు కర్రతో కొట్టాడు. ఆ రోజే వాడు గుంటూరు పోయి పొగాకు కంపెనీలో కూలికి చేరాడు. రెండేళ్ళయింది.

"ప్రతి సంతకూ టేసను దాకా పోతుండా మరియమ్మా. బండి వస్తది, పోతది. ఎక్కలేను. అంత దూరం పోయినాక వాడు మొగం తిప్పుకుంటే..."

ఇక్కడ నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు. కానీ మూడు వారాల తర్వాత నా రీసెర్చి నా అరుగు కిందే జరుగుతుంటే ప్రాణం ఆగుతుందా? కాగితం, పెన్సిలు పట్టుకుని ఒక్క దూకు దూకాను.

"మామా, ఒక్క నిమిషం. ఈమెనే ఎందుకు ఎంచుకున్నావు? వయసు చూసా, చదువు చూసా?"

మామ చేతిలోని కాయల్ని కుప్పలో వదిలేశాడు. "సంతకు పొద్దుపోతాంది," అని లేచి వెళ్ళిపోయాడు.

మరియమ్మక్క అప్పుడు తల ఎత్తింది. "మూడు వారాలు అడిగినాడు గదా అబ్బయ్యా. ఆడ ఎవురుండారని ఒక్కసారి అడగలేకపోతివా?"

సిగ్గుతో చచ్చిపోయాను. మా వైపు ఎవరూ అసలు మాటతో గడప తొక్కరు. మజ్జిగో నిప్పో సూదో అడుగుతూ వస్తారు, కూర్చోమంటే కూర్చుంటారు, అప్పుడు చెబుతారు. ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన నాకు అది తెలియనిది కాదు. రెండేళ్ళు చదివి మర్చిపోయాను. మజ్జిగ కోసం వచ్చినామె ముఖం గుర్తు తెచ్చుకోవాలని చూశాను, గుర్తు రాలేదు.

బోర్డు పీకేశాను, ఉత్తరం చింపేశాను. తర్వాతి సంత రోజుకు నా సెలవులు అయిపోయాయి. పెట్టె పట్టుకుని స్టేషనుకు వెళితే ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద చెన్నయ్య మామ కనిపించాడు. వెళ్ళి పక్కన కూర్చున్నాను. తప్పైపోయిందని చెప్పాలి. నోటికి వచ్చింది మాత్రం గొర్రె.

"మామా, గొర్రె కుంటుతుంటే ఏం చెయ్యాల?"

గిట్టల సందున ముల్లుందేమో చూడమన్నాడు, కడగమన్నాడు, తడి నేల మీద కట్టొద్దన్నాడు. అంతా చెప్పి, "ఏ కాలు?" అన్నాడు.

"ఎడమది."

"ముందరిదా, ఎనకదా?"

మా ఇంట్లో గొర్రెలే లేవని ఆయనకు తెలుసు.

"గొర్రె సంగతి అట్లుండనీ. వచ్చిన పని చెప్పు అబ్బయ్యా," అన్నాడు మామ.

నాకు మూడు వారాల్లో చేతకానిది ఆయన గొర్రె కాలు దగ్గరే తేల్చేశాడు. "తప్పైంది మామా," అన్నాను. "సర్లే," అన్నాడు. బండి వచ్చింది. "గుంటూర్లో నేనూ దిగుతాను, ఇద్దరం పోదాం," అన్నాను. ఆయన కమ్మీ పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. "నువ్వు ముందెక్కు," అన్నాడు. ఎక్కాను. వెనకే ఎక్కాడు.

దారిలో, పెన్సిలు జేబులోంచి తీయకుండా అడిగాను. "మరియమ్మక్కకే ఎందుకు చెప్పినావు మామా?"

"ఆమె నా మొగం చూడలే. చేతులకు పనుండె. నువ్వేమో నా నోట్లోకే చూస్తుంటివి."

గుంటూర్లో కంపెనీ గేటు దగ్గర తమ్ముడు బయటికి వచ్చాడు. అన్నను చూసి ఆగిపోయాడు. చివరికి వాడు నేల చూపులు చూస్తూ అడిగాడు.

"నల్ల గొర్రె ఉండాదా?"

తమ్ముడు తన చేత్తో పెంచిన ఆ నల్ల గొర్రె సంగతి మామ నాకు రైల్లో పూసగుచ్చినట్లు చెప్పాడు. జవాబు నా నాలుక చివరిదాకా వచ్చింది. ఈసారి మాత్రం పళ్ళు బిగించాను.

"ఉందిరా," అన్నాడు మామ. "రెండు పిల్లల్ని ఏసింది. నువ్వు లేకుండా ఎట్ల అమ్మేది, అమ్మలే."

అందుకని పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరు నన్ను బండి టైము అడిగినా ముందు పీట వేస్తాను, శనక్కాయలు ముందు పెడతాను, ఆ ఊళ్ళో ఎవరున్నారని అడుగుతాను. టైము మాత్రం చచ్చినా చెప్పను. ఈ పద్ధతి వల్ల ఇప్పటికి ఇద్దరు ముగ్గురికి నిజంగానే బండి తప్పిపోయింది. తప్పనివ్వండి.