ఎడమచేతి ముడులు

ఆరేళ్లపాటు నాన్న వేట తాడుకు గాలాలు కట్టింది నేను. ఈ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు, అమ్మతో కూడా. పోయిన ఆదివారం పెదనాన్న కొడుకు మా ఇంటికి రాకపోయుంటే ఇక ముందు కూడా అనేదాన్ని కాదేమో.

ఏటా వేసవిలో సముద్రం మీద ఉండే వేట నిషేధం ముగియడానికి రెండు వారాలే ఉంది. మా తిరువొత్తియూరు వీధి నిండా తాళ్లు పరిచి ఉన్నాయి, ఎక్కడ చూసినా కొత్త నైలాను వాసన. అన్న వచ్చింది నాన్న గాలాల పెట్టె కోసం. నాన్న పోయి రెండేళ్లయింది, పెట్టె అటక మీదే ఉంది. నేను స్టూలెక్కి చెయ్యి చాచాను. "నువ్వు ముట్టుకోబాక పాపా, సీజను ముందర ఎందుకొచ్చింది, నేను దించుకుంటాలే" అన్నాడు. తిట్టలేదు, విసుక్కోలేదు, ఎంతో మర్యాదగా అన్నాడు. ఆ మర్యాదకే నాకు ఒళ్లు మండిపోయింది. నోరు తెరవడం నాకు చిన్నప్పటినుంచీ చేతకాదు గనక స్టూలు దిగి పక్కకు నిలబడ్డాను, ఇప్పుడిలా రాసుకుంటున్నాను.

నాలాగే సముద్రం పక్కన పుట్టి, ఇప్పుడు పొద్దున్నే రైలెక్కి టి. నగర్ చీరల అంగళ్లకు పనికిపోయే ఆడపిల్లలకు ఈ ఆచారం కొత్తేమీ కాదు. ఆడది గాలం తాకితే ఎర చేదెక్కుతుందని మా ఇంట్లో నమ్మకం. చేపను కడగొచ్చు, కోయొచ్చు, ఉప్పు పెట్టి ఎండబెట్టొచ్చు, గంప నెత్తికెత్తుకుని తొండియార్‌పేట సందులన్నీ తిరిగి అమ్మొచ్చు, ఆ చేపను పట్టిన గాలాన్ని మాత్రం ముట్టకూడదు, పరిచిన తాడును దాటకూడదు.

నాకు పదహారేళ్లప్పుడు, నిషేధానికి కొద్దిరోజుల ముందు, టేకు చేప తోక ముల్లు నాన్న కుడి బొటనవేల్లో దిగింది. పుండు మానిందిగానీ వేలు వంగలేదు. గాలం కాడ చుట్టూ తంగూసి అనే సన్నని నైలాను తీగను ఆరుసార్లు బిగించి తిప్పి ముడి వేయాలి, వంగని వేలితో అది కాదు. నాన్నకు సొంత లాంచి లేదు, పెదనాన్న లాంచిలో వందల గాలాలు వేలాడే తన తాడు తను వేసుకునేవాడు. గాలాలు కట్టుకోలేనివాడికి లాంచిలో చోటుండదు. అందుకని, అమ్మ ఎండుచేపల గంపతో వెళ్లిపోయిన మిట్టమధ్యాహ్నాలు, తలుపు ఓరగా వేసి, నాన్న ముడి నాకు నేర్పాడు. నాది ఎడమచేతి వాటం. నాన్న చూపించినదాన్ని నేను అద్దంలో బొమ్మలా తిప్పుకుని నేర్చుకున్నాను.

అంతకు ముందునుంచే నేను డైరీ రాసేదాన్ని. తెలుగులో రాసేదాన్ని, ఎందుకంటే పెదనాన్న కొడుకులకు తమిళ అక్షరాలే వచ్చు, పుస్తకం దొరికినా చదవలేరు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ నాన్న గొణిగేవన్నీ అందులో రాసిపెట్టేదాన్ని: ఏ లోతులో వేశాడు, నేల ఇసుకా బురదా, ఏ గాలాలు ఖాళీగా వచ్చాయి, దేనికి శంకరా చేప పడింది, దేనికి జెల్ల. ఎందుకు రాశానో నాకే తెలియదు, కథల పుస్తకాలు కొనుక్కునే వీలు లేక చదువుకోవడానికి నేనే ఒకటి తయారుచేసుకున్నానేమో. ఆ నిషేధం రోజుల్లో ఒక పగలంతా కూర్చుని అది మొదటినుంచి చదివితే ఒక సంగతి కనిపించింది. ఇసుక నేల మీద వేసిన రోజుల్లో తాడు నడుమ గాలాలన్నీ ఎర పోయి ఖాళీగా వచ్చేవి, చేపలు పడ్డవన్నీ రెండు కొసల్లోనే. కొసల్లో తాడు కాస్త పైకి లేచి ఉంటుంది, నడుమ నేలకు ఆనుకుని ఉంటుంది. అంటే నడుమ ఎరంతా పీతలు తినేస్తున్నాయి. పదేసి గాలాలకు ఒక చిన్న బెండు కడితే తాడు నేలమీదనుంచి జానెడో మూరెడో లేస్తుందని ఒక కాగితం మీద బొమ్మ గీసి, నాన్న అన్నం పళ్లెం కింద పెట్టాను. నాన్న మూడో తరగతి వరకు తెలుగు చదివినవాడు. పెదవులు కదుపుతూ రెండుసార్లు చదివి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మరునాడు నన్ను రాయపురం తీసుకుపోయాడు. గాలాల అంగట్లోకి నేను పోకూడదు గనక రోడ్డుకు ఇవతల సోడా బండి దగ్గర నిలబడ్డాను. నాన్న ఒక్కొక్క సైజు అరచేతిలో పెట్టుకుని గుమ్మం దాకా వచ్చి, వెలుతురులో చూస్తున్నట్టు నటించేవాడు, నేను తల ఊపేదాన్ని. తంగూసి, సీసం గుండ్లు కూడా అట్లాగే కొన్నాం. బెండ్లు మాత్రం కొనలేదు, వీధిలో పారేసిన హవాయి చెప్పులన్నీ ఏరి గుండ్రంగా కోసుకున్నాం. నా బతుకులో నాన్నతో అంత సంతోషంగా ఉన్న రోజులు మళ్లీ రాలేదు, అదీ నా కోపంలో భాగమే.

సీజను మొదలైన వారానికి లాంచీలన్నిట్లోకీ నాన్న తాడుకే ఎక్కువ చేప పడింది. నేను అమ్మతో గంప పట్టుకుని రేవులో ఉన్నాను. పెదనాన్న తాడు చేతిలోకి తీసుకుని బెండ్లు చూశాడు, తర్వాత ఒక గాలాన్ని కళ్లదగ్గర పెట్టుకుని చాలాసేపు తిప్పాడు. తాడు పెదనాన్న కంటపడుతుందని తెలుసు, కట్టిన చెయ్యిని ముడి పట్టిస్తుందని మాత్రం నాకు తట్టనే లేదు.

"ముడి ఎడమకి తిరిగుండాది. ఎవుడు కట్టినాడురా ఇది?"

నాన్న నావైపు చూశాడు. ఒక్క క్షణం, చెప్పేస్తాడనుకున్నాను. గుండె నోట్లోకి వచ్చింది, భయంతో కాదు, గర్వంతో.

"తొండియార్‌పేటలో ఒకాయన ఉండాడన్నా. ఆయన చేత కట్టించినా."

"ఈ బెండ్లు?"

"ఆయన ఉపాయమే."

"చెయ్యి కాదురా అది, బంగారం!" అన్నాడు పెదనాన్న. చుట్టూ చేరినవాళ్లలో ఒకడు, "ఆయనకి పెళ్లయిందా అన్నా? కాకుంటే మా మరదల్ని ఇస్తాం, ఇంట్లోనే కూర్చోబెట్టి కట్టించుకుంటాం" అన్నాడు. అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. అబద్ధం చెప్పినందుకు క్షమించగలిగానుగానీ ఆ నవ్వును ఇప్పటికీ క్షమించలేదు.

ఇక ప్రతి ఏడూ నిషేధం రాగానే పెదనాన్న కబురు పెట్టేవాడు, ఆ తొండియార్‌పేట ఆయన్ని వదలబాక అని. తన తాడు కూడా పంపేవాడు. వేటకు పోయే ముందు చేసే గాలం పూజనాడు ఆ లేని మనిషికి తాంబూలం, పట్టు అంచు పంచె మా ఇంటికొచ్చేవి. ఆ పంచెను నాన్న ఎన్నడూ కట్టుకోలేదు, నాకు మిగిల్చిన మర్యాద అదొక్కటే. నేను ఇద్దరి తాళ్లూ కట్టేదాన్ని, తీగ కోసి వేళ్లు పగిలేవి, అమ్మ అడిగితే కొబ్బరాకు గీసుకుందనేదాన్ని. ఒక ఏడాది పంతం పట్టి కుడిచేత్తో కట్టి చూశాను. ముడులు జారాయి. పెదనాన్న, "ఆయప్ప తాగుతుండాడేమో కనుక్కోరా" అన్నాడు. లేని మనిషి తాగుబోతు కూడా అయ్యాడు, నేను మాత్రం ఏమీ కాలేదు.

ఆ ఏడే ధైర్యం చేసి నాన్నను అడిగాను, పెదనాన్న ఎదుట ఒక్కసారి, ఒక్కసారే, మా పాప కట్టింది అని చెప్పమని. "గమ్మునుండు తల్లీ. చేప పడినన్నాళ్లూ బాగుంటుంది. పడనినాడు నీ చెయ్యే అంటారు" అన్నాడు. నిజమే అయుండొచ్చు. కానీ నిజం నా కోపాన్ని ఏం చేసుకుంటుంది?

ఇప్పుడు రాయపురంలో అంతా తయారుగా దొరుకుతోంది. ప్లాస్టిక్ బక్కెట్లలో చుట్టలు చుట్టిన తాళ్లు, ముడికి బదులు నొక్కిన లోహపు గొట్టం, పదేసి గాలాలకు రంగు రంగుల బెండు. ఏ చెయ్యి కట్టిందని అడిగేవాడు లేడు. గాలాల అంగట్లో ఇప్పుడు గల్లా దగ్గర కూర్చునేది ఒక అమ్మాయి, పెట్టెలు తనే తెరిచి చూపిస్తుంది, ఎవరి ఎరా చేదెక్కడం లేదు. అది చూసినప్పుడు సంతోషించాలి. సంతోషం రాదు. పదేళ్లు తొందరపడి పుట్టానా, లేక పదేళ్లు ఆలస్యంగా నోరు తెరిచానా అనిపిస్తుంది.

నాన్న చివరి రోజుల్లో ఆస్పత్రిలో నేనే ఉన్నాను. పెదనాన్న రోజూ వచ్చి మంచం పక్కన కూర్చునేవాడు. ఇప్పుడైనా చెప్తాడని ప్రతి పూటా ఎదురుచూశాను, సిగ్గులేకుండా ఎదురుచూశాను. ఒక సాయంత్రం పెదనాన్న లేచి వెళ్లాక నాన్న వేళ్లతో పిలిచాడు. మంచం మీదకు వంగి, చెవి ఆయన నోటి దగ్గర పెట్టాను.

"పెదనాన్న అడిగితే, తొండియార్‌పేట ఆయన సొంతూరికి ఎళ్లిపోయినాడని చెప్పమ్మా."