డిక్కీలో గోవింద నామాలు

మావయ్య కారు డిక్కీలో నీళ్లు నిలిచాయన్న కబురు నాకు మొదట మోసుకొచ్చింది మా అత్తయ్య. ఆ రోజుల్లో మా అరకులో కబుర్లు ఫోనులో కంటే అత్తయ్య కాళ్ల మీదే త్వరగా వచ్చేవి (సిగ్నలు కావాలంటే కొండెక్కాలి, అత్తయ్యయితే వాకిలి దాటితే చాలు). "ఏటే గుంటా, ఇంకా ఆ పుస్తకమేటి? బేగి రా! మీ మావయ్య డిక్కీలో సెరువు కట్టీసినాడు, సేపలు ఒదలడమే తరువాయి" అంది. బడి మొహం చూడకుండా అమ్మ దగ్గరే చదువుకున్న నాకు లోకజ్ఞానం తక్కువే గాని ఉత్సాహం తక్కువ కాదు. పుస్తకం మూసి పరిగెత్తాను.

ఆ కారు సంగతి చెప్పాలి. పాడేరు ఘాట్ రోడ్డు మీద జనాన్ని కుక్కి జీపు తోలిన మావయ్య, ఒకనాడు ఆ జీపు అమ్మేసి, విశాఖపట్నం నుంచి టాపు మడిచే పాత ఎర్ర కారు తెచ్చాడు. వలిసెపూలు పూసే కాలంలో పెళ్లి కాబోయే జంటలు ఫొటోల కోసం మా లోయకు వరస కడతారు కదా, ఆ పసుపుపచ్చటి పూల మధ్య ఎర్ర కారు నిలబెడితే ఎవరు కాదంటారని ఆయన ధీమా. బేరాల కోసం వేయించిన ల్యాండు ఫోనెత్తి "నమస్కారమండీ" అనడం నా పని (అది నా మొదటి ఉద్యోగం, ఫోను మోగేది కాదు గనక మహా సుఖంగా ఉండేది). ఎట్టకేలకు భగవంతుడి దయ వల్ల ఒకసారి మోగింది. మర్నాడు ఉదయమే షూటింగు. పెళ్లికూతురి పట్టుచీరలన్నీ డిక్కీలో పెట్టుకుని పొలం పొలం తిరగాలి. ఈలోగా ముసురు పట్టింది, డిక్కీ నిండింది. "ఈ బేరం పోయిందంటే మళ్లీ ఎవుడి జీపో తోలుకోవాల" అన్నాడు మావయ్య, మగ్గుతో నీళ్లు తోడుతూ. ఆ గొంతు వినేసరికి నా నవ్వు ఆగిపోయింది (కాసేపే).

ముందు డిక్కీ మూత చుట్టూ ఉండే రబ్బరును అనుమానించి కొత్తది అంటించాడు. తడి తగ్గలేదు. వెనక లైట్లను అనుమానించి వాటి చుట్టూ మైనం మెత్తాడు. అదీ కాదు. అత్తయ్యకు మాత్రం అనుమానమే లేదు. "దిట్టి! ఎర్ర కారు సూసి ఊరంతా కళ్లెట్టీసినారు" అని నిమ్మకాయ దిగదుడిచింది. నీళ్లు నిమ్మకాయను లెక్కచేయలేదు. అప్పుడు నాకు తోచింది: డిక్కీని బాగా తుడిచి, లోపలంతా బియ్యప్పిండి అద్దితే చుక్క దిగినచోట చార పడుతుంది కదా! "మరి లోపలుండి సూసేదెవులు?" అన్నాడు మావయ్య. ఇద్దరూ నన్ను ఎగాదిగా చూశారు. అప్పట్లో నేను బియ్యం బస్తాకంటే కాస్త చిన్నగానే ఉండేదాన్ని.

పిండీ, టార్చీ, నేనూ లోపలికి చేరాం. మూత పడింది. వాన కాస్త తెరిపిచ్చింది గనక మావయ్య కారు మీద బకెట్టుతో నీళ్లు పోయసాగాడు.

"వొచ్చిందేటే?"

"నేదు మావయ్యా!"

"ఇప్పుడో?"

"నేదు! తుమ్మొత్తంది!"

ఇలా కాదని అత్తయ్య బిందె అందుకుంది. ఆవిడ చేతిలో బిందె ఉండి, ఎదురుగా తను బొట్లు పెట్టిన కారు ఉంటే ఊరికే పోస్తుందా? గోవింద నామాలు ఎత్తుకుంది. అలవాటు కొద్దీ నేనూ లోపలినుంచి "గోవిందా!" అన్నాను. పైన బిందెడు నీళ్లు, లోపల ఒక గోవింద. నవ్వూ తుమ్మూ భక్తీ కలిసి నాకు ఊపిరాడలేదు. సరిగ్గా అప్పుడే, కారు ఒకసారి చూసుకుందామని ఆ పెళ్లి జంట దిగింది.

"కారు పాడుతోందేంటండీ?" అంది పెళ్లికూతురు.

"సౌండ్ సిస్టమ్ అమ్మా" అన్నాడు మావయ్య, ఏమాత్రం తొణక్కుండా.

అదే క్షణాన ఎడమ మూల పిండిమీద సన్నటి చార! "వొచ్చింది మావయ్యా! వొచ్చీసింది!" అని సౌండ్ సిస్టమ్ కేకపెట్టింది. మావయ్య మూత ఎత్తాడు. నిలువెల్లా తెల్లగా, టార్చితో సహా లేచిన నన్ను చూసి పెళ్లికూతురు కెవ్వుమంది. పెళ్లికొడుకు అప్పటికే గేటు దాటేశాడు.

చార పట్టుకుని పైకి వెతికితే, టాపు మడిచి దాచే అరలో ఒక మూలన, వాననీరు చక్రం పక్కకు దిగిపోవడానికి ఒక కన్నం ఉంది. దాని నిండా పూలు, అక్షతలు. వాటి మధ్యనుంచి వలిసె మొలకలు రెండాకులేసి తొంగిచూస్తున్నాయి. అందరం అత్తయ్య వైపు తిరిగాం. ప్రతి శుక్రవారం కారుకు వలిసెపూలతో పూజ చేసేది ఆవిడే. దేవుడికి పెట్టిన పువ్వు కాలికింద పడకూడదని, ఎవరి కాలూ తగలని చోటు వెతికి మరీ దాచింది.

"తొక్కుతారని అందులో ఎట్టినాను" అంది. "నీ బేరం నానే సెడగొట్టీసినాను."

మావయ్య మొలకల్ని జాగ్రత్తగా తీసి ఆవిడ చేతిలో పెట్టి, వైరుతో కన్నం పొడిచాడు. అంతదాకా దారిలేక డిక్కీలోకి పొర్లుతున్న నీళ్లు గుడగుడమంటూ చక్రం పక్కనుంచి దూకాయి. తేరుకున్న పెళ్లికూతురు ఆ మొలకల్నీ, నన్నూ, అత్తయ్యనూ మార్చి మార్చి చూసి నవ్వడం మొదలుపెట్టింది, ఆపలేకపోయింది. "ఇంత పూజ చేసిన కారు ఇంకెక్కడ దొరుకుతుందండీ? రేపు ఇదే కావాలి!" గేటు అవతలినుంచి పెళ్లికొడుకు అరిచాడు: "ఆ సౌండ్ సిస్టమ్ మాత్రం వద్దని చెప్పు!"

మర్నాడు మళ్లీ ముసురు పట్టింది. చీరలకు చుక్క తగల్లేదు.

ఇప్పుడు కారు ముందు సీట్లోనే నాకు మోకాళ్లు ఇరుకు. డిక్కీలో ముడుచుకుని గోవిందా అన్న ఆ గుంట ఎటు పోయిందా అని అద్దంలో చూసుకుని నవ్వుకుంటాను. అంత నవ్వు ఇచ్చినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను. అత్తయ్య మొన్నటి చలికాలంలో వెళ్లిపోయింది. ఆ బేరం నిలిచింది నీ పూల వల్లే అని మావయ్య చివరిదాకా అంటూనే ఉన్నాడు, ఆవిడ మాత్రం ఒక్కసారీ నమ్మలేదు. మీరు దీపం పెట్టుకునేటప్పుడు మా అత్తయ్యను ఒక్కసారి తలచుకోండి.